ఏ పొగ ఇబ్బంది?

ఇతరులకు ఇబ్బంది కలగకుండా ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకోవచ్చని రాజుగారు శాసనం వేయించారు. ఇబ్బంది అంటే ఏమిటో అందులో లేదు. కొత్వాలుకు ఆ సందు చాలు. చాకిరేవులో ఎల్లవ్వ తమ కులదేవుడు మడేలయ్యకు వేసే సాంబ్రాణి పొగకు తనకు దగ్గొస్తోందని, అది ఇబ్బందేనంటూ పూజ మాన్పించాడు.

దేవుడికి పొగ వెయ్యందే బట్టలుడికించే పొయ్యి ముట్టించడం ఎల్లవ్వ ఇంటావంటా లేదు. ఊరి బట్టలన్నీ మూటల్లోనే ఉండిపోయాయి. రేపు దర్బారనగా కొత్వాలు మాసిన తలపాగా పట్టుకుని రేవుకు పరుగెత్తుకొచ్చాడు.

“పొయ్యి ముట్టించవే!”

“పొగొస్తుంది దొరా.”

“బట్టల పొయ్యి పొగతో నాకేం ఇబ్బంది?”

“చిటికెడు సాంబ్రాణికి వచ్చిన దగ్గు బండెడు కట్టెల పొగకు రాదా? అయితే తమకు పడనిది పొగ కాదు, మా మడేలయ్య. ఆ మాట శాసనంలో లేదే! రాజుగారినే అడుగుదామా?”

కొత్వాలు తలపాగా వంక చూసుకున్నాడు. ఆ పూట మడేలయ్య ముందు మొదటి చిటికెడు సాంబ్రాణి ఆయన చేత్తోనే పడింది.