ఎనభై గ్రాముల నలుసు

అనగనగా ఒక అడవిలో ఒక వాగు, వాగు నడుమ చెట్టూ చేమా లేని గులకరాళ్ల దిబ్బ. తూకానికి మంచి రాళ్లు దొరుకుతాయని కొంగ మాస్టారు తూకాల పాఠం అక్కడే చెప్పేవాడు. పెద్ద తక్కెడకు కిలోల రాళ్లు, చిన్న తక్కెడకు గ్రాముల రాళ్లు. వెయ్యి గ్రాములైతే ఒక కిలో అని పిల్లల చేత రోజూ వల్లె వేయించేవాడు.

ఆ పిల్లల్లో తుర్రి అనే ఉడుత లెక్కల్లో చురుకు. మాస్టారు అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పేసేది. చేసిన లెక్క మళ్లీ చూసుకోవడమంటే మాత్రం దానికి నామోషీ.

ఒకరోజు పాఠం నడుస్తుండగా ఎగువన వాన కురిసి వాగు పొంగింది. మాస్టారు ఎగిరి వెళ్లి, నీటిపిల్లి మామను తెప్పతో పంపాడు. తెప్ప ఐదు కిలోలకు మించి మోయదని, తాను మళ్లీ వచ్చేలోగా దిబ్బ మునిగిపోతుందని మామ చెప్పాడు. అందరూ తుర్రి వైపు చూశారు.

తుర్రి గబగబా తూచింది. కుందేలు రెండు కిలోలు. ముంగిస కిలోన్నర. నేల తాబేలు కిలో రెండువందల గ్రాములు. తను వంద గ్రాములు. నలుసు అనే చిట్టెలుక ఎనభై గ్రాములు. అన్నిటినీ కిలోల్లోకి మార్చి ఇసుకలో అంకెలు వేసి కూడింది. ఐదు కిలోల ఆరువందల గ్రాములు వచ్చింది. ఆరువందల గ్రాములు ఎక్కువ.

నలుసు ఎక్కకపోతే సరిపోతుంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. నలుసే వెనక్కి జరిగింది.

"మీరు వెళ్లండి. అందరికంటే పెద్ద రాయి ఎక్కి కూర్చున్నానని అమ్మతో చెప్పండి" అంది.

తుర్రి దానివైపు చూసింది. నలుసు తనకంటే కూడా చిన్నది. ఇసుకలో దాని బరువు సున్నా పాయింట్ ఎనిమిది కిలోలని ఉంది. అంటే ఎనిమిది వందల గ్రాములు. తనకు ఎనిమిదింతలా?

"లెక్కా నీదే, అనుమానమూ నీదేనా? పద పద" అని కుందేలు దెప్పింది.

తుర్రి చెవులు ఎర్రబడ్డాయి. అయినా తెప్ప ఎక్కలేదు.

"ఆగు మామా. నా లెక్క తప్పినట్టుంది. మళ్లీ చేస్తాను."

వంద గ్రాములే సున్నా పాయింట్ ఒకటి. ఎనభై అంతకంటే తక్కువ కదా. సున్నా పాయింట్ సున్నా ఎనిమిది అని వేయాలి. తొందరలో నడుమ సున్నా ఎగిరిపోయింది. మళ్లీ కూడితే నాలుగు కిలోల ఎనిమిది వందల ఎనభై గ్రాములు.

"ఎక్కవే నలుసూ. నువ్వెక్కినా ఇంకా నూట ఇరవై గ్రాములు మిగులుతాయి" అంటూ తుర్రి చెయ్యి చాచింది.

మామ ఈదుతూ తెప్పను నెట్టాడు. నీళ్లు తెప్ప అంచుదాకా వచ్చాయి గానీ పైకి ఎక్కలేదు. అవతలి గట్టు తగిలాక గానీ తుర్రి గట్టిగా ఊపిరి వదల్లేదు.

నలుసు పరిగెత్తి, గట్టున ఎదురుచూస్తున్న వాళ్లమ్మ ఒళ్లో దూరింది.

"అమ్మా, నేను కాసేపు ఎనిమిది వందల గ్రాములున్నానే."

"అయితే రేపట్నుంచి నీకు గింజలు తగ్గించాలి" అంది వాళ్లమ్మ, దాన్ని ఇంకా గట్టిగా హత్తుకుంటూ.

అందరికంటే ముందు తుర్రే నవ్వింది.

నీతి: వచ్చిన జవాబును కళ్లెదుట ఉన్నదానితో సరిచూసుకోవాలి; తప్పు కనబడితే వెంటనే ఒప్పుకుని దిద్దుకోవాలి.