గెడ్డ అవతలి తొమ్మిదిళ్ళు

"మాస్టారూ, తిరిగిరాదని తెలిసిన ఖర్చు ఒకరిచేత పెట్టించడం మోసమే కదా?"

ఇళ్ళమీద సోలార్ పలకలు బిగించే పని పోలయ్య మాస్టారి దగ్గర నేర్చుకుని, కొత్తగా సొంత పని మొదలుపెట్టిన దాలినాయుడు అడిగిన ప్రశ్న ఇది. డెబ్బై దాటిన రైతు ఒకాయన పలకలు కావాలని అతని దగ్గరికి వచ్చాడు. ఆయన ఇంట్లో కరెంటు వాడకమే తక్కువ. పెట్టిన ఖర్చు బిల్లుల్లో కలిసిరావాలంటే పన్నెండేళ్ళు పడుతుంది. "మీకు గిట్టుబాటు కాదు" అని చెప్పి పంపేశాడు. పెద్దాయన చిన్నబోయి వెళ్ళిపోయాడు. నిజం చెప్పి కూడా తనకెందుకు మనసు బాగాలేదో దాలినాయుడికి అంతుపట్టలేదు.

మాస్టారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అసిరమ్మ సంగతి చెప్పారు.

అసిరమ్మ ఇల్లు వానాకాలంలో పొంగి పారే ఒక గెడ్డకి అవతల, తొమ్మిదిళ్ళ పేటలో ఉంది. భర్త లేడు. పిల్లలు పెళ్ళిళ్ళయి పక్క ఊళ్ళలోనే ఉన్నారు. డెబ్బై ఒకటో ఏట ఆవిడ జీడితోట మీద దాచుకున్న డబ్బు తీసి, పలకలు పెట్టమని మాస్టారిని పిలిపించింది. ఇంట్లో చూస్తే రెండు దీపాలు, ఒక ఫ్యాను. మాస్టారు నిజాయితీగానే లెక్క వేసి, "గిట్టుబాటు కాదమ్మా, ఆ డబ్బు ఉంచుకో" అన్నారు.

ఆవిడ కోప్పడలేదు.

"నలభై ఏళ్ళ కిందట ఊర్లోకి లైను లాగినప్పుడు ఒక ఆఫీసరు బాబు గెడ్డకి ఆ పక్కనే నిలబడి మా ఇళ్ళు లెక్కెట్టాడు బాబూ. తొమ్మిదిళ్ళకి పదకొండు స్తంభాలా, గిట్టదు అన్నాడు. నీళ్ళలో కాలైనా పెట్టకుండా తిరిగెళ్ళిపోయాడు. లైను వస్తాదని మా ఆయన సంతలో ఫ్యాను కూడా కొనీసినాడు. ఎనిమిదేళ్ళకి గానీ మాకు లైను రాలేదు, అందాకా దానికి గుడ్డ కప్పి అటకమీద ఉంచాం. పొద్దుగూకితే పిల్లలు గెడ్డ ఒడ్డుకి పోయి అవతలి దీపాలు చూసేవోరు."

ఆ డబ్బు మాస్టారి ముందుకి జరిపి అంది: "ఆ బాబు లెక్క తప్పుకాదు. నీ లెక్కా తప్పుకాదు. పలకలు పెట్టీ."

మాస్టారు పెట్టారు. కొత్త మీటరు కలిపిన రోజు మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతోంది. అసిరమ్మ పట్టుచీర కట్టుకుని పేట మొత్తాన్ని పిలిచింది. మీటరు మీద అంకెలు కదలడం మొదలుపెట్టాయి.

"ఇప్పుడు ఈ కరెంటు ఎటెల్తాది బాబూ?"

"నీ ఇంటికి కావలసింది పోగా మిగిలింది ఆ తీగల మీదుగా గెడ్డ దాటి ఊర్లోకి వెళ్తుందమ్మా. అక్కడెవరి ఇంట్లోనో ఫ్యాను తిరుగుతూ ఉంటుంది."

ఆవిడ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, తీగల వెంట చూపు పోనిచ్చి, అవతలి ఊరివైపు చాలాసేపు చూసింది. మునుపు వంగి నడిచే మనిషి నిటారుగా నిలబడిందని మాస్టారికి అనిపించింది. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి గట్టిగా అంది:

"ఈయేల మన పేట ఊరికి కరెంటిస్తన్నాదర్రా!"

ఎవరూ నవ్వలేదు. ఒకప్పుడు ఆ ఒడ్డుకి పరుగెత్తిన పిల్లలు, ఇప్పుడు నెరిసిన జుట్టుతో, ఒక్కొక్కరే వచ్చి మీటరు ముందు నిలబడి చూసి వెళ్ళారు. మాస్టారు పనిముట్లు సంచిలో సర్దడం ఆపి వాళ్ళనే చూస్తూ నిలబడ్డారు. ముప్పై ఏళ్ళుగా కరెంటు పనులు చేస్తున్నా, తన పని ఇంత గొప్పదని ఆయనకు తెలిసింది ఆ మధ్యాహ్నమే.

మాస్టారు అంతటితో ఆపేశారు. దాలినాయుడు "అయితే మాస్టారూ, ఆ పెద్దాయనకి లెక్క చెప్పకుండా ఉండాల్సిందా?" అని అడిగాడు.

"చెప్పాలి. పైసా దాచకుండా చెప్పాలి" అన్నారు పోలయ్య మాస్టారు. "చెప్పేశాక మాత్రం, ఆయన చెప్పేది వినడానికి కాసేపు కూర్చోవాలి."