ఏడుసార్లు ఆపేసిన లాప్‌టాప్

పదకొండు గంటలకు పెంచలలక్ష్మికి ఉద్యోగ పరీక్ష. తొమ్మిదిన్నరకు ఆమె లాప్‌టాప్ చచ్చిపోయింది. చంపింది గిరిధర్.

చంపాలని అతను అనుకోలేదు. మేలు చేద్దామనుకున్నాడు. పరీక్ష రోజు యంత్రం చురుగ్గా నడవాలి కదా అని పొద్దున్నే వచ్చి, నెల రోజులుగా అప్‌డేట్ కావాలని పోరుతున్న లాప్‌టాప్ కోరిక తీర్చాడు. ఎవరినీ అడగలేదు. లాప్‌టాప్‌ల విషయంలో అతను ఎవరినీ అడిగే రకం కాదు. విజయవాడలో ఒక సర్వీస్ సెంటర్లో నాలుగేళ్ళు పనిచేసిన మనిషి. మూత తెరిచి ఒక్కచూపు చూస్తే చాలు, రోగమేదో చెప్పేస్తాడని పేరు. ఆ పేరు తెచ్చిపెట్టింది కూడా చాలావరకు అతనే.

అలాంటివాడు అన్నీ వదులుకుని నెల్లూరులో ఈ మేడమీది బడికి వచ్చింది కాలేషా సార్ కోసం. షేక్ కాలేషా గారికి అరవై ఏళ్ళు. పుట్టుకతోనే చూపు లేదు. చూపులేనివాళ్ళకు కంప్యూటర్ నేర్పిస్తారు. ఎనిమిది నెలల కిందట పాత యంత్రాలు బాగుచెయ్యడానికి వచ్చిన గిరిధర్, సార్ ఒక చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకుని పనిచెయ్యడం చూశాడు. తెరమీద ఏది వస్తే అది లాప్‌టాప్ ఆయన చెవిలో చదువుతోంది. ఎంత వేగంగా చదువుతోందంటే, గిరిధర్ అడిగి విన్నా ఒక్క ముక్క అర్థం కాలేదు. సార్ మాత్రం అది వింటూ, ఇంకో చెవితో పిల్లల తగువు తీరుస్తూ, మధ్యలో కలెక్టరాఫీసుకు ఉత్తరం రాసేశారు.

"నాకూ నేర్పండి సార్" అని గిరిధర్ అక్కడే ఆగిపోయాడు.

"ఒక సంవత్సరం ఉండు. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు సార్.

ఆ సంవత్సరంలో ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉండగా ఈ ఘోరం జరిగింది.

పెంచలలక్ష్మికి ఇరవై మూడేళ్ళు. కోవూరు నుంచి రోజూ బస్సులో ఒక్కతే వచ్చిపోతుంది. ఇంతకుముందు రెండుచోట్ల ఉద్యోగానికి వెళితే, చూపులేని పిల్ల ఏం చెయ్యగలదని తలుపు దగ్గరే టీ ఇచ్చి పంపించేశారు. ఈసారి చెన్నైలోని ఒక బ్యాంకు. తెలుగువాళ్ళు ఫోన్ చేస్తే జవాబు చెప్పే పని. పరీక్ష ఇంటర్నెట్లోనే. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ వాళ్ళే వారం ముందు ఆమె లాప్‌టాప్‌లో ఎక్కించారు. ఇంకో యంత్రంలో తెరుచుకోదు. పదకొండుంబావు దాటితే ఇందులోనూ తెరుచుకోదు. మళ్ళీ పరీక్ష పెడతారో లేదో ఎవరూ చెప్పలేదు.

గిరిధర్ మీట నొక్కాడు. కంపెనీ గుర్తు మెరిసింది, తెర నల్లబడింది. కాసేపు కళ్ళార్పకుండా చూశాడు. నలుపే. మీట గట్టిగా పట్టుకుని ఆపేశాడు. మళ్ళీ నొక్కాడు. గుర్తు, నలుపు. ఆపేశాడు.

చార్జర్ పీకి మీటను ముప్ఫై సెకన్లు అదిమిపెట్టాడు. చార్జర్ మార్చాడు. తెర వెలుగు పెంచే మీట కొట్టాడు. ఏ విద్య చూపించినా గుర్తు మెరవడం, నల్లబడడం, తను ఆపెయ్యడం. వేరే మానిటర్ తగిలించి చూద్దామంటే ఆ బడిలో మానిటర్ అన్నదే లేదు. ఇన్నేళ్ళలో దాని అవసరం ఎవరికీ రాలేదు.

"గిరన్నా, అయిందా?" అంది పెంచలలక్ష్మి. బెంచీ మీద చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"రెండే రెండు నిమిషాలు."

ఇంకో పావుగంటకు మళ్ళీ అడిగింది. మళ్ళీ రెండు నిమిషాలే అన్నాడు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. తక్కిన నలుగురు విద్యార్థులూ మాటలాపేశారు. గిరిధర్‌కి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆ పిల్ల బతుకు తన చేతుల్లో పాడైపోతోందని భయం పట్టుకుంది. ఏడోసారి ఆపేసి, సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

అప్పుడు మెట్లమీద చేతికర్ర చప్పుడయింది. పదీ ఇరవై.

కాలేషా సార్ గుమ్మంలో ఆగారు. "ఏంది, బడి ఇంత నిశ్శబ్దంగా ఉండాది? ఎవురికన్నా ఏమన్నా అయిందా?"

గిరిధర్ దాచలేదు. పొద్దున అప్‌డేట్ చేసిన దగ్గరనుంచి చేతిలో స్క్రూడ్రైవర్ వరకూ అంతా చెప్పాడు.

సార్ విని నిట్టూర్చారు. "పెళ్ళి పొద్దున పెళ్ళికూతురికి ఆముదం తాగిస్తారా అబ్బయా ఎవరన్నా?"

"తప్పయింది సార్."

"తప్పు సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు దానికేమయిందంటావు?"

"మదర్‌బోర్డు పోయినట్టుంది సార్. ప్రాణం లేదు."

"ఎట్లా చెప్తుండావు?"

"తెర నల్లగా ఉంది సార్. ఏమీ రావట్లేదు."

సార్ కర్ర గోడకి ఆనించి, తడుముకోకుండా నేరుగా స్విచ్‌బోర్డు దగ్గరికి నడిచి పైన తిరుగుతున్న ఫ్యాను ఆపేశారు. మే నెల. నెల్లూరు ఎండ. అందరికీ ఒక్కసారిగా చెమటలు పట్టాయి, కానీ ఎవరూ కిక్కురుమనలేదు.

"ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టు. మీట ఇంకొక్క తూరి నొక్కు. నొక్కి చేతులు కట్టుకో. నేను చెప్పిందాకా దాన్ని తాకబాక."

గిరిధర్ నొక్కాడు. గుర్తు మెరిసింది. నల్లబడింది. అలవాటుకొద్దీ వేలు మీటవైపు పోబోయింది. రెండు చేతులూ చంకల్లో దూర్చుకున్నాడు.

నిమిషం గడిచింది. సార్ బల్లమీదికి వంగి, ఏదో సన్నటి చప్పుడు చెవితో వెతుకుతున్నట్టు తల అటూ ఇటూ తిప్పారు. తర్వాత బల్ల అంచు వెంట చెయ్యి పోనిచ్చి, వెనకవైపు వేలాడుతున్న ఎర్ర వైరు పట్టుకుని పైకి లాగారు. పెంచలలక్ష్మి ఇయర్‌ఫోన్లు. నిన్న సాయంత్రం సాధన చేసి ఆమె అలాగే వదిలి వెళ్ళింది. ఆ బడిలో ఇయర్‌ఫోన్లు ఎవరూ పీకరు, ప్రతి యంత్రానికీ తోకలా వేలాడుతూనే ఉంటాయి. గిరిధర్ వాటిని చూడడం ఎప్పుడో మానేశాడు.

సార్ ఒక ఇయర్‌ఫోన్ తన చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, శిష్యుడి మొహం తడిమి చూసుకుని, అతని చెవిలో పెట్టారు.

చెవిలో ఒక గొంతు గడగడా చదువుతోంది. గిరిధర్ ఊపిరి బిగపట్టి విన్నాడు. మొదటిసారి అర్థం కాలేదు. సార్ వేలితో ఒక మీట తట్టారు. గొంతు మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఈసారి ఒక మాట దొరికింది. పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ కొట్టమంటోంది.

"సార్" అన్నాడు గిరిధర్. "సార్, ఇది బతికే ఉంది."

"నీకా సంగతి అది ఏడుతూర్లు చెప్పింది అబ్బయా. అది నోరు తెరిచినప్పుడల్లా నువ్వు గొంతు పిసికేస్తుండావు."

గిరిధర్ మొహం కందిపోయింది. సిగ్గు ఒకవైపు, పట్టలేని సంతోషం ఇంకోవైపు. ఏది ముందు పడాలో అతనికే తెలియలేదు. గబగబా అన్నాడు: "అయితే పోయింది తెర ఒక్కటే సార్. ఇంకా అరగంటకు పైనే ఉంది. ముందు తెర సంగతి చూస్తాను. తెర లేకుండా పరీక్ష ఎట్లా రాస్తుంది?"

విద్యార్థులు నలుగురూ పగలబడి నవ్వారు. పొద్దుటినుంచి బిగుసుకుపోయిన పెంచలలక్ష్మి కూడా సంచి మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తనేమన్నాడో గిరిధర్‌కి అప్పటికి తెలిసింది. ఏం చెయ్యాలో తోచక తనూ నవ్వేశాడు.

"లెయ్యి, ఆ అమ్మిని కూర్చోనీ" అన్నారు సార్.

పెంచలలక్ష్మి కూర్చుని, రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాస్‌వర్డ్ కొట్టింది. ఆమె ముందు తెర పలకలా నల్లగా ఉంది. దాన్ని గురించి ఆమెకు ఏ బాధా లేదు. వేళ్ళు ఆడాయి, ఆగాయి, మళ్ళీ ఆడాయి. పదకొండుకు ఇంకా అయిదు నిమిషాలు ఉండగానే పరీక్ష తెరుచుకుంది.

"నమస్కారం సార్. కనిపిస్తున్నానా? కొంచెం పైకా?" అని అవతల పరీక్ష పెడుతున్న ఆయన్ని అడుగుతూ, కెమెరా కోసం మూత తనే సవరించుకుంది. సాయం చేద్దామని గిరిధర్ చెయ్యి చాపాడు. కెమెరాలో ఏం పడుతోందో అతనికి కనిపిస్తే కదా. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తర్వాతి గంటసేపు ఆ గదిలో ఏం జరుగుతోందో తెలియనివాడు అతనొక్కడే. కళ్ళు చించుకుని చూసినా నల్లటి తెరలో చెమట పట్టిన తన మొహం తప్ప ఏమీ లేదు. తక్కినవాళ్ళు మీటల చప్పుడు వింటున్నారు. ఒకచోట మీటలు తడబడ్డాయి, నలుగురూ ఊపిరి బిగపట్టారు. ఆమె చెరిపి మళ్ళీ కొట్టింది, నలుగురూ ఊపిరి వదిలారు. గిరిధర్ వాళ్ళ మొహాలు చూసి సంగతి ఊహించుకున్నాడు. కాసేపటికి సార్ అతనివైపు తిరిగి, మాట్లాడకుండా రెండు వేళ్ళు ఎత్తి చూపించారు. రెండో భాగం మొదలైందన్నమాట.

రెండో భాగంలో ఎవరో ఖాతాదారులా ఫోన్ చేసి తిడతారు. జవాబు చెప్పాలి. తిట్లు ఆమె చెవిలోనే పడుతున్నాయి, గదిలో అందరికీ వినిపించేది ఆమె మాట ఒక్కటే.

"అర్థమయిందండీ. కార్డు పోయింది, మీరు చాలా కోపంగా ఉన్నారు." కొంచెం ఆగింది. "తిట్టండి, పర్లేదు. కాకపోతే ముందు ఆ కార్డు ఆపేద్దాం. మీరు తిట్టేలోపల ఆ దొంగ దాంతో బజారంతా కొనేస్తాడు."

సార్ పెదాలు బిగించి నవ్వాపుకున్నారు. గిరిధర్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎనిమిది నెలలనుంచి ఈ అమ్మాయికి తను మీటలు నేర్పిస్తున్నాననుకుంటున్నాడు. ఆమె ఇంత నిబ్బరంగా మాట్లాడడం అతను ఏనాడూ విననే లేదు. ఆ మాట తలుచుకుంటే అతనికి బాధేసింది.

పన్నెండుకు రెండు నిమిషాలు ఉండగా మీటలు ఆగాయి. పెంచలలక్ష్మి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల వంచి వింటూ ఉండిపోయింది. ఆమె మొహంలో ఏమీ తెలియలేదు. అయిపోయిందనుకున్నాడు గిరిధర్. ఆమె ఓడిపోయిందనీ, అందుకు తనే కారణమనీ అనుకున్నాడు.

ఆమె చెయ్యి మెల్లగా లాప్‌టాప్ పక్కకి పోయి, ఎర్ర వైరు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

ఇంతసేపూ ఆమె చెవికే పరిమితమైన గొంతు గది మొత్తానికీ వినపడింది. గడగడగడా చదివేసి ఊరుకుంది. నలుగురు విద్యార్థులూ ఒక్కసారి కేకపెట్టారు. ఒకరు బల్ల చరిచారు. ఇంకొకరు పెంచలలక్ష్మి భుజం దొరకబుచ్చుకుని ఊపేస్తున్నారు. కాలేషా సార్ రెండు చేతులూ పైకెత్తి, పెదాలు కదిలించి దువా చేసుకున్నారు.

"ఏమంది?" అన్నాడు గిరిధర్. "ఏమంది? నాకు అందలేదు."

"నూటికి తొంభై ఒకటంట గిరన్నా" అంది పెంచలలక్ష్మి. కళ్ళనీళ్ళు బుగ్గలమీద కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. "తీసుకున్నారంట. ఒకటో తారీఖు చేరమంటుండారు."

గిరిధర్ బెంచీ మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అందరూ అది విన్నారు. ఎవరూ ఆటపట్టించలేదు.

అరగంటలో మలైకాజాలు వచ్చాయి. ఫ్యాను మళ్ళీ తిరిగింది. పెంచలలక్ష్మి మెట్లమీద కూర్చుని వాళ్ళ అమ్మకు ఫోన్లో అదే మాట మూడోసారి చెబుతోంది. అవతల ఆమెకు నమ్మకం కుదరడం లేదు.

గిరిధర్ లాప్‌టాప్ తీసుకుని సార్ దగ్గరికి వచ్చాడు. ఈసారి మూత తెరవలేదు, స్క్రూడ్రైవర్ తీయలేదు. శిష్యుడిలా నిలబడి అడిగాడు.

"సార్, మీరు సరేనంటే, ఈ తెర ఇప్పుడు బాగుచేస్తాను. అప్‌డేట్‌తో తెరకి తేడా కొట్టింది, అంతే. అరగంట పని."

కాలేషా సార్ నోట్లో కాజా నిదానంగా నమిలి మింగారు.

"చెయ్యబ్బయా, చెయ్యి. కళ్ళుండేవాళ్ళు గూడా వస్తా పోతా ఉంటారు గదా. పాపం, వాళ్ళకి ఇబ్బంది."