రెండు కుర్చీల కూర్మారావు

గుర్రాలవలస రవాణా కార్యాలయంలో, ఏ పని అడిగినా "అది నా సీటు కాదండీ" అని తప్పించుకునే కూర్మారావు అనే గుమాస్తా ఉండేవాడు.

ఆ ఊళ్లో బండి పర్మిట్ ఒక ఆఫీసులో ఇచ్చేవారు, పన్ను మరో ఆఫీసులో కట్టించుకునేవారు. జనం ఎండలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరగలేక చచ్చేవారు. చివరికి పైవాళ్లు రెండు పనులూ కలిపి కూర్మారావుకే అప్పగించారు. జనం హమ్మయ్య అనుకున్నారు. కూర్మారావు ఏం చేశాడు? పన్ను ఆఫీసు కుర్చీ, బల్ల తెప్పించి తన గదిలోనే ఆ మూల వేయించాడు. పొద్దున పర్మిట్ కుర్చీలో, మధ్యాహ్నం పన్ను కుర్చీలో కూర్చునేవాడు.

ఒకరోజు ఆటో నడిపే సన్యాసమ్మ వచ్చింది. ఆమె పర్మిట్ గడువు ఆ రోజుతో ఆఖరు.

"బాబూ, రేపు ఆరుగురు ఆడపిల్లల్ని పదో తరగతి పరీక్షకి తీసుకెళ్లాలి. ఇయ్యాలే రాసియ్యండి" అంది.

"పన్ను రసీదేదీ? ఆ సీటు దగ్గరికి వెళ్లు."

ఆ సీటు ఖాళీగా ఉంది. సన్యాసమ్మ మధ్యాహ్నం దాకా నిలబడింది. కూర్మారావు భోంచేసి వచ్చి దర్జాగా అందులో కూర్చున్నాడు.

"పన్ను కట్టాలంటే పర్మిట్ సీటు నుంచి కాగితం రావాలి" అన్నాడు.

"ఆ సీట్లోనూ తమరే కదా బాబూ! పొద్దున్న నా కాగితాలు చూశారు కదా!"

"అక్కడ చూసింది ఇక్కడ చెల్లదు."

ఇలాంటి మనిషిని ఏమనాలి? అంతటితో ఆగాడా! కాగితం పంపమని పర్మిట్ సీటుకి ఉత్తరం రాశాడు. లేచి ఆ కుర్చీలోకి వెళ్లి, ఆ ఉత్తరాన్ని తనే అందుకుని ముద్ర వేశాడు. "జవాబుకి మూడు రోజులు పడుతుంది" అన్నాడు.

పరీక్ష మూడు రోజులు ఆగదు కదా! మర్నాడు సన్యాసమ్మ భయపడుతూనే ఆటో తీసింది. చెక్‌పోస్టు దగ్గర ఇన్‌స్పెక్టర్ ఆపేశాడు. ఆ ఆరుగురిలో ఒకమ్మాయి కూర్మారావు కూతురు హిమజ. పిల్లని పరీక్షకి పంపే ఏర్పాటు కూడా అతను భార్యకే వదిలేశాడు, ఇక ఆటో ఎవరిదో అతనికేం తెలుసు! హిమజ ఫోన్ చేయగానే స్కూటరేసుకుని పరుగున వచ్చాడు.

"వదిలేయండి సార్, ఆవిడ కాగితం మా ఆఫీసులోనే ఉంది."

"పర్మిట్ ఇచ్చారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇంకా లేదండీ. ఉత్తరం వెళ్లింది. జవాబు రావాలి."

"జవాబు ఎవరివ్వాలి నాన్నా?" అంది హిమజ ఏడుస్తూ.

కూర్మారావు తల దించుకున్నాడు. "నేనేనమ్మా."

స్కూటరెక్కమంటే, మిగతా వాళ్లని వదిలి రానంది హిమజ. ఇంకో బండి దొరికి పరీక్షకి చేరేసరికి అరగంట ఆలస్యమైంది. ఆరుగురూ లెక్కల పేపరులో చివరి ప్రశ్నలు వదిలేసి వచ్చారు.

ఆ మధ్యాహ్నమే కూర్మారావు రెండో బల్ల తీయించేశాడు. సన్యాసమ్మ పని పావుగంటలో అయిపోయింది. ఆ పావుగంట నిన్ననే పెట్టి ఉంటే!

ఎదుట నిలబడ్డ మనిషి పనిని నాది కాదని తోసేసేవాడు చివరికి తనవాళ్లకే అన్యాయం చేస్తాడు.