అరిసెల పాకం, ముందొచ్చిన మంచు

"నా మనసు ఎప్పటికి కుదురుతుంది స్వామీ?" అని వరహాలమ్మ అడిగింది. దీపావళి వెళ్లి పక్షం రోజులే అయింది. అలకనంద లోయకు ఎగువన, సిల్‌ధార్ అనే చిన్న ఊరి అంచున, ఆశ్రమం వసారాలో కూర్చుని విమలబోధ స్వామి రాజ్మా కాయలు ఒలుస్తున్నారు. ఆయన పుట్టింది కోనసీమలో. వయసులో ఉండగా కొండలెక్కి మళ్లీ దిగలేదు. శిష్యులతో వాదించి ఒప్పించే అలవాటు ఆయనకు లేదు. ప్రశ్న వేస్తే వినేవారు, తలూపేవారు, చేతిలో పని చేసుకుంటూ పోయేవారు. జవాబు ఆ రోజో, ఆ నెలలోనో ఏదో ఒక సంగతిగా ఎదురయ్యేది. అప్పుడు ఒక్క మాట అనేవారు. ఆ మాటయినా పూర్తిగా అనేవారు కాదు.

వరహాలమ్మ బొబ్బిలిలో భర్తతో కలిసి చాలా ఏళ్లు భోజన హోటలు నడిపిన మనిషి. భర్త పోయాక హోటలు చెల్లెలి చేతిలో పెట్టి, యాత్రకని వచ్చి, ఈ ఆశ్రమంలో వంట చేస్తూ ఉండిపోయింది. గురుపూర్ణిమనాడు స్వామి ఆమెకు మంత్రోపదేశం చేస్తానంటే తానే వద్దంది. మనసు కుదుటపడ్డాక తీసుకుంటానంది. పొద్దున జపానికి కూర్చుంటే హాయిగా ఉంటుందట, కట్టెలు తడిశాయని చూసేసరికి కోపం వస్తుందట, మధ్యాహ్నం పోయిన మనిషి గుర్తొస్తాడట, సాయంత్రం కొండమీద ఎండ చూస్తే ఏ కారణం లేకుండా సంతోషం వేస్తుందట. ఇలా పూటకో తీరుగా మారే మనసులో మంత్రాన్ని ఎక్కడ పెట్టుకోనని ఆమె బాధ. ఆ సంవత్సరం గడిచిపోవస్తోంది కాబట్టి ఇవాళ గట్టిగానే అడిగింది. స్వామి విన్నారు. తరవాత, కింది ఇంట్లో భాగాదేవి కూతురి పెళ్లి రేపేననీ, వంటవాళ్లు రాలేకపోయారనీ, ఆవిడ సాయం అడిగిందనీ చెప్పారు. "పొద్దున్నే ఇద్దరం వెళదాం" అన్నారు. వరహాలమ్మ చిన్నబోయింది. తాను అడిగిందేమిటి, ఆయన చెప్పిందేమిటి అనుకుంది.

భాగాదేవి భర్త లేని మనిషి. కాస్త పొలం, రెండు ఆవులు, రుక్మా అనే ఒక్క కూతురు. పెళ్లికొడుకు సైన్యంలో పనిచేస్తున్నాడు, కొండకు అవతలి ఊరివాడు. సెలవు అయిపోవచ్చింది. ఈ ముహూర్తం తప్పితే మళ్లీ ఎప్పుడు ఇంటికి వస్తాడో అతనికే తెలియదు. దానికితోడు వారం కిందట కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోయింది. వంటవాళ్లు అటువైపే చిక్కుకున్నారు. పెళ్లివారు రోడ్డు మానేసి, శిఖరానికి దిగువన కొండ భుజంలా ఉండే గట్టు మీదుగా పాత కాలిబాటన నడిచి వస్తామని కబురు పెట్టారు.

మర్నాడు తెల్లవారేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మంచుశిఖరాలు చేయి చాస్తే అందేలా కనిపించాయి. ఇంటి ముందు చదును చేసిన చేనులో టార్పాలిన్ పందిరి వేశారు, పక్కనే రాళ్లపొయ్యిలు పేర్చారు. భాగాదేవి వరహాలమ్మను రోలు దగ్గరికి తీసుకెళ్లి, నానబెట్టిన బియ్యం దంచిన పిండి చూపించి, దీనితో బెల్లంపాకం పట్టి అర్సా చేయాలంది. పెళ్లికి అర్సా లేకపోతే మా వైపు పెళ్లే కాదని చెప్పింది. ఆ పేరు వినగానే వరహాలమ్మ నిలబడిపోయింది. పిండి చేతిలోకి తీసుకుని చూసింది. తడి అదే, వాసన అదే. ఇన్ని కొండలు దాటి వచ్చాక అరిసెలు ఎదురవుతాయని ఆమె అనుకోలేదు. కొంగు బిగించి బెల్లం కరగబెట్టింది. స్వామి ఒక మూల గోనెపట్టా మీద కూర్చుని బంగాళాదుంపలు తరుగుతున్నారు.

పాకం ఉండకట్టే వేళకు గాలి మారింది. శిఖరాలు ఒకటొకటిగా మాయమయ్యాయి. ముందు సన్నటి చినుకు, తరవాత సగ్గుబియ్యంలాంటి మంచుగుళ్లు, కాసేపటికి దూదిపింజల్లా మంచు. మామూలుగా ఆ ఊళ్లో మంచు మార్గశిరం దాటాక గానీ పడదు. వరహాలమ్మ పుట్టి బుద్ధెరిగాక మంచు పడటం చూడటం ఇదే మొదలు. ఒక క్షణం చిన్నపిల్లలా మొహం పైకెత్తింది. మరుక్షణం పొయ్యిలో తడి పడి నిప్పు చిటపటలాడేసరికి కొంగు అడ్డం పట్టింది. ఇది తెరిపిచ్చాక మళ్లీ మొదలుపెడదాం, పొయ్యి ఆర్పేద్దాం అంది. భాగాదేవి పాకం గిన్నె అంచు ఒకవైపు మసిగుడ్డతో పట్టుకుని, రెండోవైపు పట్టమన్నట్టు చూసింది.

"దీదీ, ఇక్కడ ఆకాశం కుదిరాక పొయ్యి వెలిగిద్దామంటే ఏ ఇంట్లోనూ అన్నం ఉడకదు" అంది.

ఆ మాట అని ఆమె ఆగలేదు. ఇద్దరూ గిన్నె మోసుకుని ఆవుల కొట్టంలోకి పరుగెత్తారు. ఎవరో ఆవుల్ని బయటికి తోలారు, ఇంకెవరో నిప్పులు పార మీద తెచ్చి పోశారు. పాకం గట్టిపడకముందే వరహాలమ్మ పిండి పోసి కలియబెట్టింది. పేడవాసన, పొగ, బెల్లం వాసన కలగలిసిన ఆ చీకటి కొట్టంలో మొదటి అరిసె నూనెలో పొంగింది. అది వేగేలోపే బయట ఎండ వచ్చింది. కప్పు మీది మంచు కరిగి ధారకట్టింది. మూకుడు మళ్లీ బయటికి తెచ్చారు. ఇంకో వాయ తీసేసరికి మబ్బు కమ్మింది, మళ్లీ లోపలికి. ఇలా అటూ ఇటూ మోయడంలో ఆమెకు స్వామి మీద కూడా కోపం వచ్చింది. ఆయన మాత్రం మంచు పడ్డప్పుడు గోనెపట్టా చూరు కిందికి జరుపుకునేవారు, ఎండ వచ్చినప్పుడు బయటికి జరుపుకునేవారు. దుంపలు తరగడం ఆపలేదు.

మధ్యాహ్నమవుతుండగా కొండ భుజం మీదనుంచి డోలు వినిపించింది. పెళ్లివారు వస్తున్నారని అందరి మొహాలూ వికసించాయి. రుక్మా ముస్తాబు సగంలో వదిలి కిటికీ దగ్గరికి వచ్చింది. అంతలో పైనుంచి తెల్లటి మబ్బు జారి కొండను మింగేసింది. డోలు ఇంకాసేపు వినిపించి ఆగిపోయింది. ఎంత చెవి ఒగ్గినా మళ్లీ మోగలేదు. ఆ కొండ మీద ఫోన్లు పలకవు. కాలిబాటకు ఒకవైపు లోయ. పైగా వాళ్ల వెంట పెళ్లికొడుకు నాయనమ్మ ఉంది. మనవడి పెళ్లి చూడందే చావనని పట్టుబట్టి, బుట్టలో కూర్చుని ఒక మనిషి వీపు మీద వస్తోందని అందరికీ తెలుసు. మంచు బాటను కప్పేస్తే ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోతారు. తడిబట్టలతో చలిలో ఆ ముసలిప్రాణం ఎంతసేపు నిలుస్తుందన్నది ఎవరూ పైకి అనలేదు.

ఊళ్లో డోలు వాయించేవాళ్లు ఇద్దరు లేచారు. మబ్బులో కంటికి కనిపించకపోయినా చెవికి దారి తెలుస్తుంది, వాయిస్తూ ఎక్కుతామన్నారు. వాళ్లతో నలుగురైదుగురు మగవాళ్లు బయలుదేరారు. వేడి కషాయమూ కంబళ్లూ తీసుకుని ఆడమనిషి ఒకరు వెంట ఉంటే ముసలామెకు మేలన్నారు. పెళ్లికూతురి తల్లి ఇల్లు విడిచి వెళ్లకూడదు. భాగాదేవి వరహాలమ్మ వంక చూసింది. వరహాలమ్మ స్వామి వంక చూసింది. ఆయన దుంప తొక్క తీస్తున్నారు. వెళ్లమనలేదు, వద్దనలేదు. ఆమె ఆకాశం వంక చూసింది. అక్కడ చూడటానికేమీ లేదు. అల్లం, మిరియాలు, బెల్లం వేసి కాచిన కషాయం రెండు ఫ్లాస్కుల్లో పోసుకుని, కంబళి కప్పుకుని బయలుదేరింది.

ఆ కొండ ఎక్కడం గురించి ఆమె తరవాతెప్పుడో చెప్పినప్పుడు, తన మనసు ఏ ఒక్కచోటా నిలవలేదని చెప్పింది. మొదటి మలుపులో కాలు జారి, ఇక్కడే పోతాను కాబోలు అనిపించింది. రెండో మలుపులో మబ్బు విడిపోయి, దేవదారు కొమ్మల మీద మంచు ఎండకు మెరిసేసరికి, భర్త దీన్ని చూడకుండా పోయాడే అని ఏడుపొచ్చింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది, ఆయనకు చలంటే ఎంత భయమో గుర్తొచ్చి. ఇంకాస్త పైకి వెళ్లాక, పెళ్లి చేస్తున్నవాళ్ల మీద, రోడ్డు వేసినవాళ్ల మీద, తన మోకాళ్ల మీద కోపం వచ్చింది. తరవాత గాలి మొహాన కొట్టింది, ఏమీ తోచలేదు. ముందు డోలు మోగుతూనే ఉంది. ఆమె దాని వెనక నడుస్తూనే ఉంది.

కొండ భుజానికి కొంచెం అవతల గొర్రెలకాపరుల రాతిగుడిసె ఒకటుంది. ఆ దగ్గరకు వచ్చేసరికి లోపలినుంచి జవాబుగా డోలు మోగింది. చర్మం తడిసి సాగిపోవడంతో చప్పుడు దుప్పట్లో చుట్టినట్టు వచ్చింది. గుడిసెకు నాలుగడుగుల అవతలికి కూడా వినిపించదు. పెళ్లివారంతా గుడిసెలో ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. పెళ్లికొడుకు తన పట్టుకోటు విప్పి నాయనమ్మకు కప్పి, పలచటి చొక్కాతో వణుకుతున్నాడు. ముసలామె పెదవులు నల్లబడ్డాయి. మాట రావడం లేదు. వరహాలమ్మ ఆమెను ఒళ్లోకి లాక్కుని, గుక్కగుక్కగా కషాయం పట్టించింది. తరవాత ఆమె అరికాళ్లు తన పొట్టకు ఆనించుకుని కంబళి కప్పుకుంది. హోటలు సంగతీ మంత్రం సంగతీ అప్పుడు ఆమెకు గుర్తులేవు. చాలాసేపటికి ముసలామె కళ్లు తెరిచి, ఈ కషాయంలో మిరియాలు ఎక్కువయ్యాయని గొణిగింది. గుడిసెలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. పెళ్లికొడుకు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మబ్బు పూర్తిగా తొలగాక దిగుదామని పెళ్లివారిలో ఒకాయన అన్నాడు. వరహాలమ్మకు ఎక్కడలేని విసుగు వచ్చింది. దిగుదాం, నడుస్తుంటే ఒంటికి వేడి పుడుతుంది, కింద పొయ్యి వెలుగుతోంది అంది. ఆమె హిందీ వచ్చీరానిదైనా అందరికీ అర్థమైంది. దిగేటప్పుడు కాసేపు ఎండ, కాసేపు జల్లు, కాసేపు మంచు. ముసలామె బుట్టలోనుంచి తల బయటికి పెట్టి, బాట ఇటు కాదు అటు అంటూ అందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

సాయంత్రపు వెలుగు ఉండగానే పెళ్లి జరిగింది. ముహూర్తం కొంచెం అటూ ఇటూ అయిందిగానీ పురోహితుడు పట్టించుకోలేదు. టార్పాలిన్ మంచు బరువుకు వంగితే కర్రతో పైకి పొడుస్తూ ఒకడు నిలబడ్డాడు. అగ్నిచుట్టూ తిరుగుతున్నప్పుడు ఒక వైపు ఎండ, ఇంకో వైపు మంచు. పెళ్లికొడుకు తలపాగా మీద మంచు పడి, కరిగి, ముక్కు మీదికి కారింది. రుక్మా ముసుగులోనుంచి చూసి ఫక్కున నవ్వేసింది. నాయనమ్మ కుంపటి పక్కన కూర్చుని అరిసె కొరికి, పాకం సరిగ్గా కుదిరిందని చెప్పి, ఇంకోటి కొంగులో దాచుకుంది. డోళ్లు మోగుతుంటే కూర్చున్నచోటునే చేతులు తిప్పి ఆడింది. భాగాదేవి అంతవరకూ ఒక్క కన్నీటిచుక్క రానివ్వలేదు. పెళ్లయ్యాక కొట్టంలోకి వెళ్లి, ఆవుల మధ్య నిలబడి తనివితీరా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి అందరికీ వడ్డించింది.

ఆ రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు పెళ్లివారిని సాగనంపాక, స్వామీ వరహాలమ్మా ఆశ్రమం దారి పట్టారు. చేలగట్ల మీద మంచు తెల్లగా ఉంది. బాట మధ్యలో కరిగి బురదయింది. స్వామి చేతికర్రతో చూసుకుంటూ నెమ్మదిగా నడుస్తున్నారు. కొంతదూరం వెళ్లాక, నేను చూరు కిందే ఉండిపోయాను గదా, నిన్న కొండ మీద ఆకాశం ఎలా ఉంది అని అడిగారు.

వరహాలమ్మ ఉత్సాహంగా మొదలుపెట్టింది. గుడిసెలో ముసలామె కళ్లు తెరిచిన తీరు చెప్పింది. కోటు విప్పి ఇచ్చిన ఆ కుర్రవాడు రుక్మాను బాగా చూసుకుంటాడని చెప్పింది. అరిసెలు అందరికీ సరిపోగా ఇంకా మిగిలాయని, తడిసిన డోలును కుంపటి మీద కాచి మళ్లీ మోగించారని, భాగాదేవి తనను కౌగిలించుకుందని, తాను ఇంత హాయిగా నిద్రపోయి చాలా కాలమైందని చెప్పింది. స్వామి కర్రతో బురద తప్పించుకుంటూ అంతా విన్నారు. ఆశ్రమం కప్పు కనిపించేదాకా ఆమె చెబుతూనే ఉంది.

"చాలా సంతోషం తల్లీ. కానీ నేనడిగింది ఆకాశం సంగతి" అన్నారాయన.

వరహాలమ్మ చెప్పబోయి ఆగింది. ఎండా, మబ్బా, మంచా, ఏది ముందు ఏది వెనక అని వెతుక్కుంటుంటే, పాకం గిన్నె దగ్గర భాగాదేవి అన్న మాట చెవిలో మెదలగా బాట మధ్యలో నిలబడిపోయింది. స్వామి కర్ర ఊతగా మెట్టెక్కుతూ, వెనక్కి తిరగకుండానే అన్నారు.

"పోనీలే. గుర్తొచ్చినప్పుడు చెబుదువుగాని."