ముందు చెంబు తల్లికి

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా పాలపళ్ళతో పరిగెడుతున్న కాలంలో, కొండ కింద మూడు పల్లెలుండేవి. పై పల్లె, నడిమి పల్లె, ఏటి పల్లె. ఊఁ కొట్టండి మరి, మీరు ఊఁ కొట్టకపోతే నాకు కథ ముందుకు రాదు! ఆ మూడు పల్లెలకీ సరైన దారి లేదు. వైద్యుడు లేడు. ఉన్న ఒక్క వైద్యుడుగారూ ఏరు దాటితే పంచె తడుస్తుందని అవతలి ఒడ్డునే ఉండిపోయేవారు. పాపం, పంచె మంచిదట.

మరి ఆ పల్లెలకి ఉన్నదెవరయ్యా అంటే, అసిరమ్మ ఉంది.

అసిరమ్మ చంటిపిల్లలకి లాల పోసే మనిషి. పొట్టిగా ఉండేది, నోరు మాత్రం పెద్దది. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఏ ఇంట్లో పురుడొచ్చినా ఆమెకే కబురు. పొద్దున్నే వచ్చి పెరట్లో రాయి మీద కూచుని కాళ్ళు బారజాపేది. కాళ్ళ మీద పిల్లని పడుకోబెట్టుకుని ఆముదం రాసేది, పిండి రాసేది, వేన్నీళ్ళు పోసేది. అంతసేపూ ఏదో ఒకటి పాడుతూనే ఉండేది. గుక్కపట్టి ఏడ్చే పిల్ల కూడా ఆమె కాళ్ళ మీద ఆవలించేది. అన్నం పెడితే తినేది. పెట్టలేని ఇల్లయితే "ఇప్పుడే తిన్నానమ్మా" అని అబద్ధమాడి వెళ్ళిపోయేది.

ఆ రోజుల్లో అక్కడో కట్టుబాటు ఉండేది. పుట్టిన బిడ్డకి మైల లేదు, కన్నతల్లికి ఉంది. బిడ్డని అందరూ ఎత్తుకోవచ్చు. తల్లిని మాత్రం పురుడు వెళ్ళేదాకా ఎవరూ తాకకూడదు. ఎవరు పెట్టారో ఆ కట్టుబాటు! పెట్టినవాడు మాత్రం పిల్లల్ని కన్నవాడు కాదు.

నడిమి పల్లెలో సూరమ్మ అని ఒకావిడ. ఆవిడ కోడలు తవిటమ్మ. తవిటమ్మకి తల్లి లేదు, అందుకని మొదటి కాన్పు అత్తగారింట్లోనే అయింది. మగపిల్లాడు. పై పల్లె వాళ్ళొచ్చారు, "పిల్లాడేడీ?" అన్నారు. నడిమి పల్లె వాళ్ళొచ్చారు, "పిల్లాడేడీ?" అన్నారు. ఏటి పల్లె వాళ్ళు బురదకాళ్ళతోనే వచ్చి "పిల్లాడేడీ?" అన్నారు. ఆఖరికి మన అసిరమ్మ కూడా "ఏడమ్మా నా బుల్లోడు?" అంటూనే వచ్చింది, లాల పోసింది, వెళ్ళింది. తవిటమ్మేదని అడిగినవాళ్ళు లేరు.

తవిటమ్మ ముందు నవ్వడం మానేసింది. తర్వాత తినడం మానేసింది. ఆ తర్వాత మాట్లాడ్డం మానేసింది. పిల్లాడు ఏడిస్తే గోడకేసి తిరిగి పడుకునేది. పాలు కారి చీర తడిసిపోయేది గానీ వాణ్ణి దగ్గరికి తీసుకునేది కాదు.

"గాలి సోకింది," అంది సూరమ్మ. తవిటమ్మ మొగుడు పోలన్న భయపడిపోయి కొండవతల ఉండే భూతవైద్యుడి కోసం పరిగెత్తాడు. మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు భూతవైద్యుడు. ఒక కోడిపుంజు ఇవ్వమన్నాడు.

గాలి సోకిన బాలింతని ఏం చేసేవారో చెప్పనా? వేపమండలతో కొట్టేవారు. కొండ మీద పాకలో ఒంటరిగా ఉంచేవారు. పిల్లని ఇంకెవరింటికో పంపేసేవారు. అంతకుముందు అలా ఇద్దరు వెళ్ళారు. ఇద్దరిలో ఒక్కరూ కొండ దిగి రాలేదు. వాళ్ళ పిల్లలూ దక్కలేదు.

ఈ కబురు విన్న అసిరమ్మ చేతిలో పని వదిలేసి వచ్చింది. మిరియాలూ శొంఠీ బెల్లమూ దంచి బాలింతలకి పెట్టే కాయం ముద్ద చేసి గుమ్మంలోంచి అందించింది. తవిటమ్మ నోరు విప్పలేదు. సూరమ్మ చేత పిల్లాణ్ణి ఆమె ఒళ్ళో పడుకోబెట్టించి, "సూడే, నీ కొడుకు ఎంత ముద్దుగున్నాడో" అంది. తవిటమ్మ చెయ్యి కదపలేదు, పిల్లాడు జారిపోబోయాడు. సరేనని తిట్టింది, బతిమాలింది, మళ్ళీ తిట్టింది. తవిటమ్మ కన్నెత్తి చూడలేదు.

ఇంక చేసేదేం లేక అసిరమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. అప్పుడు చూసింది, తవిటమ్మ మెడ. మెడంతా మట్టి కట్టి ఉంది. జుట్టు అట్టలు కట్టింది. రవిక మీద పాలు ఎండి చారలు చారలుగా ఉన్నాయి.

"ఓలమ్మో, నా కళ్ళు మండిపోనూ!" అని నెత్తి కొట్టుకుంది అసిరమ్మ. రోజూ వచ్చింది తను. రోజూ కాగెడు నీళ్ళు కాచించింది. ఒక్క చెంబు ఈ పిల్ల మీద పడలేదు. ఒక్క చెయ్యి ఈ పిల్లని తాకలేదు.

మర్నాడు పొద్దున్న అసిరమ్మ వచ్చి రాయి మీద కూచుని కాళ్ళు జాపింది. సూరమ్మ పిల్లాణ్ణి తెచ్చింది. "ఆడు తర్వాత. ముందు దాన్ని తే అప్పా," అంది అసిరమ్మ.

"ఎవర్ని?"

"నీ కోడల్ని. ముందు చెంబు తల్లికి."

సూరమ్మ నోరు తెరిచింది. "నీకేమైనా మతిపోయిందేటే అసిరీ? మైలే! దాన్ని ముట్టుకున్న చేతుల్తో ఇంకే ఇంట్లో పిల్లకి లాల పోస్తావు? ఎవరు పోయించుకుంటారు?"

అసిరమ్మకి ఆ మాట తగిలింది. తగలదా మరి? పిల్లల్లేని మనిషికి ఆ పిల్లలే లోకం. కాసేపు చేతులకేసి చూసుకుంది. "పోయించుకోకపోతే మానేస్తారు," అని లేచి, లోపలికి వెళ్ళి, తవిటమ్మ రెట్ట పట్టుకుని లేపింది.

అంత మనిషినీ కాళ్ళ మీదకి వాల్చుకుంది. తల తొడ మీద పెట్టుకుంది. ఆముదం రాసింది, పిండి రాసింది, వేన్నీళ్ళు పోసింది. పిల్లలకి పాడినట్టే పాడింది.

"లాల లాల, మా తల్లికి లాల,
అలిసిన ఒంటికి అమ్మమ్మ లాల,
కన్నావు లేవే, కొండంత కన్నావు,
కాసేపు నువ్వే పాపాయివమ్మా."

మొదటి చెంబుకి తవిటమ్మ కళ్ళు మూసుకుంది. రెండో చెంబుకి ఒళ్ళు వణికింది. మూడో చెంబుకి బావురుమంది. వీధంతా వినిపించేలా ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే భూతవైద్యుడు డప్పుతో గుమ్మంలోకి వచ్చాడు. "అదిగో! దెయ్యం బయటపడింది!" అని వేపమండ ఎత్తాడు.

తవిటమ్మ అదేం చూళ్ళేదు. అసిరమ్మ నడుం పట్టుకుని చెప్పేస్తోంది. "నాకు బయమేస్తంది పెద్దమ్మా. ఆణ్ణి సూస్తే నాకేటీ అనిపించట్లేదు. ఎత్తుకుంటే పడేస్తానేమో. ఒకోసారి నాను సచ్చిపోతే బాగుణ్ణనిపిస్తంది. నాను తల్లినేనా?"

అసిరమ్మ ఛీ అనలేదు, అలా అనకూడదనీ అనలేదు. "సెప్పేసావు కదా పిచ్చితల్లీ. ఇంక సగం బరువు నాది," అని ఇంకో చెంబు పోసింది.

పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ సూరమ్మ మెల్లిగా వచ్చి వేపమండకి అడ్డంగా నిలబడింది.

"పెద్దోడు పుట్టినప్పుడు నాకూ ఇలాగే ఉండేది," అంది. "నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడిసినాను. ఎవరికీ సెప్పలేదు. సెప్తే కొండెక్కిస్తారని." తర్వాత భూతవైద్యుడికేసి తిరిగి, "దెయ్యం లేదు, గియ్యం లేదు. మా పిల్ల ఏడుస్తంది. ఎలిపో నాయనా, ఎండెక్కిపోతుంది," అంది.

"మరి నా కోడి?"

"కోడి మా కోడలికి కూరొండాలి."

ఒక్క చెంబుతో అంతా బాగైపోయిందనుకున్నారా? భలేవాళ్ళే! తవిటమ్మ ఒక రోజు రెండు ముద్దలు తినేది, మర్నాడు మళ్ళీ గోడకేసి తిరిగేది. అసిరమ్మ రోజూ వచ్చేది. ఆమె వస్తే మైలని మిగతా ఇళ్ళవాళ్ళు పిలవడం మానేశారు, ఆమెకి తిండి కూడా కరువైంది. అయినా వచ్చేది. చివరికి ఒక పొద్దున్న తవిటమ్మ లేచి కూచుని, "అత్తా, నా కొడుకేడీ?" అంది. ఆ మాట వినగానే సూరమ్మా అసిరమ్మా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

ఈ సంగతి మూడు పల్లెల ఆడవాళ్ళకీ తెలిసింది. పై పల్లెలో ఒక బాలింత గోడకేసి తిరిగితే, పెద్దల్ని అడక్కుండానే వాళ్ళు అసిరమ్మని పిలుచుకున్నారు. తర్వాత ఏటి పల్లె వాళ్ళు పిలిచారు. "నానొక్కదాన్ని, మీరు మూడు పల్లెలు," అంది అసిరమ్మ. "నాను పోతే ఎవరు పోస్తారు? వంతులేసుకోండి." అప్పట్నించి పురుడొచ్చిన ప్రతి ఇంటికీ వంతుగా ఓ ఆడమనిషి వెళ్ళేది, తల్లికి నీళ్ళు పోసి, పక్కన కూచుని, ఆమె చెప్పింది వినేది. కట్టుబాటు ఎటు పోయిందో ఎవరికీ గుర్తు లేదు.

అసిరమ్మ ముసలిదైంది, పోయింది. పిల్లల్లేని మనిషికి ఆఖరి స్నానం ఎవరు చేయిస్తారని పెద్దలు తర్జనభర్జన పడుతున్నారు. ఈలోగా ఆడవాళ్ళు వచ్చారు. పై పల్లె నించి, నడిమి పల్లె నించి, ఏటి పల్లె నించి. ప్రతి మనిషి చేతిలోనూ ఓ చెంబు. తవిటమ్మ రాయి మీద కూచుని కాళ్ళు బారజాపింది. అసిరమ్మ తల తన తొడ మీద పెట్టుకుంది. ఒక్కొక్కరే వచ్చి నీళ్ళు పోశారు. పొద్దు వాలినా వరస తరగలేదు.

ఆ పల్లెల్లో ఇప్పటికీ అంతే. బిడ్డ పుడితే ముందు చెంబు తల్లికి పోస్తారు. చూడ్డానికెళ్ళినవాళ్ళు ముందు తల్లి పక్కన కూచుని చెయ్యి పట్టుకుని, "నువ్వెలా ఉన్నావమ్మా?" అంటారు. ఆమె ఏడిస్తే ఊరుకోమనరు. "ఏడువు, ఇవాళ అసిరమ్మ వంతు నాది," అంటారు.

తెలియనివాళ్ళెవరైనా అక్కడి పిల్లల్ని ఆపి అసిరమ్మంటే ఎవరర్రా అని అడిగితే, "మా అమ్మకి లాల పోసిన అమ్మ," అని చెప్పి ఆటకి పరిగెడతారు.