చుక్కమ్మ మూట

అనగనగా, మీ తాతకు తాతకు ఇంకా పాలపళ్లు ఊడని కాలంలో, ఎర్రనేలల నడుమ ఒక ఊరు ఉండేది. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు "మా ఊళ్లో అంత తెలివితక్కువ వాళ్లు ఎప్పుడున్నరయ్యా?" అని కర్రలు పట్టుకుని నా మీదికి వస్తారు.

ఆ ఊళ్లో వరి పండదు, చెరకు పండదు. పండేదల్లా ఆముదం. దీపంలోకి ఆముదం, బండి ఇరుసుకు ఆముదం, పుట్టిన బిడ్డ మాడుకు ఆముదం, ఎద్దు మెడ మీది పుండుకు ఆముదం. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమంటారే, ఆ సామెత ఆ ఊళ్లో అంటే తంతారు. వాళ్లకది నిజంగానే మహావృక్షం.

ఆ ఊళ్లో చుక్కమ్మ అని ఒక ముసలమ్మ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. బాట పక్కన గోచీపాతంత చేను, దాని పక్కన గుడిసె. ఆమె పని గోమార్లు ఏరడం. పశువుల వంటికి అతుక్కుని నెత్తురు తాగే గోమార్లను మీరు చూసే ఉంటారు. పొద్దున్నే ఒక చిప్పలో ఇంత బూడిద, చేతిలో ఆముదంలో తడిపిన గుడ్డ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. చెవుల వెనక, తోక కింద, కాళ్ల సందుల్లో ఒక్కొక్కటీ వెతికి పట్టేది. పొగరుబోతు కోడెలు కూడా ఆమె వేళ్లకు కళ్లు మూసుకుని నిలబడేవి. ఆముదం అమ్మి తెచ్చుకున్న జొన్నల్లోంచి ఇంటికి పిడికెడు పెట్టేవారు. అంతే ఆమె బతుకు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏరిన గోమారిని వెంటనే బూడిదలో వేసేది కాదు. అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసేది.

"ఏం జూస్తున్నవే దాని మొఖంల?" అని ఆడవాళ్లు నవ్వేవారు.

"సంపుడు ఒక్క గడియ పని బిడ్డా. ముందుగాల సూడాలె. ఇది యాడ దాసుకుంటదో ఎరుకైతే, రేపు జల్ది దొరుకుతది" అనేది చుక్కమ్మ.

ఇట్లా ఉండగా ఒక ఏడు ఆముదానికి దాసరి పురుగు పట్టింది. నడుము విల్లులా పైకి లేపి, మళ్లీ వంగి, అడుగడుగునా దండం పెడుతున్నట్టు నడుస్తుంది. దండాలు పెడుతూనే చేనంతా మేసేస్తుంది. అంత భక్తి మనకొద్దు.

ఊరి పెద్దకాపు బుచ్చిరెడ్డి చేలోకి దిగి చూశాడు. కొన్ని పురుగులు కదలకుండా ఆకు కింద అతుక్కుని ఉన్నాయి. ఒక్కొక్కదాని తోక కింద వడ్లగింజంత గోధుమరంగు గూడు ఒకటి అంటుకుని ఉంది.

"దొరికింది!" అన్నాడు పెద్దకాపు. "ఇవి తల్లి పురుగులు. గుడ్డు వెట్టి పొదుగుతున్నయి. తల్లిని సంపితే పిల్లలెక్కడియి?"

ఊరంతా తలూపింది. తలూపడానికి ఖర్చేముంది? ఆదివారం ఆదివారం డప్పు కొట్టేవారు. ఇంటింటివాళ్లూ తల్లి పురుగులను గంపల్లో ఏరి తెచ్చి, ఊరి బయట గుంటలో పోసి, మంట పెట్టేవారు.

అందరికంటే ఎక్కువ ఏరింది ఎవరు? చుక్కమ్మే. గోమార్లు ఏరిన వేళ్లు కదా! అందరూ ఒక గంప తెస్తే ఆమె మూడు గంపలు తెచ్చేది. మెచ్చుకుని పెద్దకాపు ఆమెకు ఒక చీర పెట్టాడు. పెద్దకాపుకు చెయ్యి కొంచెం బిగువు. ఆ చీర కొంగు అడ్డం పెట్టుకుని చూస్తే అవతల ఎవరున్నారో తెలిసిపోయేది. అయినా చుక్కమ్మ పొంగిపోయింది. పండగకు కడతానని దాచుకుంది.

మొదటి ఏడు కాల్చారు. రెండో ఏడు పురుగు రెట్టింపయింది.

రెండో ఏడు కాల్చారు. మూడో ఏడు దానికి రెట్టింపయింది.

మూడో ఏడు ఊళ్లో చాలా ఇళ్లల్లో దీపం లేదు. గానుగ ఆడించే వీరయ్య తన ఎద్దును నీడన కట్టేసి, దానితో పాటు తనూ కునుకు తీశాడు. చుక్కమ్మకు గుడ్డ తడుపుకోవడానికి చుక్క ఆముదం దొరకలేదు. పశువులకు పుండ్లు పడి ఈగలు ముసిరాయి.

అప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. చుక్కమ్మ గంపలోంచి ఒక తల్లి పురుగు జారి ఇంట్లో ఖాళీ చిప్పలో పడింది. ఆమె చూసుకోలేదు. దాని మీద ఇంకో చిప్ప బోర్లించి పెట్టింది. వారం తర్వాత తీసి చూస్తే, పురుగు ఎండి వరిపొట్టులా ఉంది. గూడు కొసన గుండ్రంగా మూత తెరిచినట్టు బెజ్జం ఉంది. పక్కన చీమ కంటే చిన్న నల్ల ఈగ ఒకటి రెక్కలు తుడుచుకుంటోంది. పురుగు పిల్ల ఒక్కటీ లేదు.

"గుడ్డైతే పిల్ల రావాలె గదా" అనుకుంది చుక్కమ్మ. "ఈగ ఎందుకొచ్చె?"

ఒక్కసారి చూసిందాన్ని నమ్మే మనిషి కాదామె. మూడు తల్లి పురుగులను తెచ్చి మూడు చిప్పల్లో పెట్టింది. మూడింట్లోనూ పురుగు చచ్చింది. మూడింట్లోనూ నల్ల ఈగే వచ్చింది.

ఆ తర్వాత చేలో కూర్చుంది. తిండి మరిచి ఆకుల కింద చూస్తూ కూర్చుంది. మూడో నాడు కనిపించింది. నల్ల ఈగ ఒకటి వెంట్రుకంత దాసరి పిల్ల మీద వాలి, సూదితో కుట్టినట్టు పొడిచి ఎగిరిపోయింది. ఆ పిల్లను ఇంటికి తెచ్చి రోజూ లేతాకు పెట్టి సాకింది. కొన్నాళ్లకు అది తిండి మానేసింది. కదలడం మానేసింది. దాని తోక కింద గూడు వచ్చింది.

చుక్కమ్మకు అప్పుడు అర్థమయింది. అది పురుగు గుడ్డు కాదు. పురుగును చంపే ఈగ గూడు. ఆమె నేల మీద కూలబడి, తన రెండు చేతులూ చూసుకుని ఏడ్చింది. మూడేళ్లు ఆ చేతులే అందరికంటే ఎక్కువ కాల్చాయి.

ఆదివారం డప్పు మోగింది. అందరూ గంపలు గుంటలో బోర్లించారు. చుక్కమ్మ ఖాళీ గంపతో వచ్చి నిలబడింది.

"పటేలా, వీటిని కాల్చొద్దు. ఇవి తల్లులు గావు. మూట కట్టుకున్న పురుగులు. మూట కట్టింది పోతది, మళ్ల తినదు. దాని మూట నుంచి వచ్చే ఈగ ఇంకో పురుగును కుడతది" అంది.

 అంతా పగలబడి నవ్వారు.

"పురుగుకు ఈగ పుడతదా? రేపు కోడికి మేక పుట్టిందంటవ్!" అన్నాడు బుచ్చిరెడ్డి.

"నాకు పూరా తెల్వది పటేలా. సూసింది జెప్తున్న. సంపుడు ఒక్క గడియ పని. ముందుగాల సూడు."

పెద్దకాపుకు కోపం వచ్చింది. ఊరు ఆకలి మీదుంది, ఈమెకు ఈగల ముచ్చటా!

"సరే సూస్తం. నీ చేన్ల నువ్వన్నట్లే చెయ్యి. నీ చేన్ల బలిసిన పురుగు ఊరి మీద వడ్డదో, మూట నువ్వు కట్టాలె. ఈ ఊళ్ల నీకు తావు లేదు."

 ఆ ఊరి మట్టిలోనే ఆమె మొగుడు ఉన్నాడు. ఆ ఊరి పశువులు తప్ప ఆమెకు చుట్టాలు లేరు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"మూడు వారాలియ్యి పటేలా. మూడు చేండ్లు సూద్దాం. నా చేన్ల మూట లేని పురుగులనే ఏరుత, మూట కట్టినయి విడుస్త. నీ చేన్ల నువ్వు ఎప్పటి లెక్క మూట కట్టినయి ఏరి కాల్చు. మూడో చేనుల ఎవ్వరం చెయ్యి పెట్టొద్దు."

"మూడో చేను నాది వెట్టుకో అక్కా" అన్నాడు గానుగ వీరయ్య. "నా ఎద్దు ఉత్తగ పండుకున్నది, నేనుత్తగ పండుకున్న. చేను గూడ ఉత్తగుంటె ఏం పాయె?"

ఆ సాయంత్రమే చుక్కమ్మ ఒక మూట కట్టి గుమ్మం పక్కన పెట్టుకుంది. దాంట్లో ఏముందో ఎవరూ అడగలేదు.

మొదటి వారం ఊరు వచ్చి చూసింది. మూడు చేలూ ఒక్కలాగే ఉన్నాయి. "మూట కట్టినవా అవ్వా?" అన్నారు. "కట్టిన బిడ్డా" అంది.

రెండో వారం ఊరు వచ్చి చూసింది. చుక్కమ్మ చేలో ఆకు ఆకుకూ మూట కట్టిన పురుగులే వేలాడుతున్నాయి. చూసినవాళ్లకు ఒళ్లు జలదరించింది. "మూట గట్టిగ కట్టినవా అవ్వా?" అన్నారు. "గట్టిగనే కట్టిన బిడ్డా" అంది. పెద్దకాపు మనుషులు గంపలతో చేలోకి దిగబోయారు. ఆమె గట్టు మీద చేతులు చాపి అడ్డం నిలబడింది.

"ఇంకొక్క వారం. మాటిచ్చినవ్ పటేలా."

బుచ్చిరెడ్డి పళ్లు కొరికాడు. కానీ మాట తప్పే మనిషి కాదు. చెయ్యి బిగువే గాని మాట బిగువు కూడా ఉంది ఆయనకు. "ఇచ్చిన. గంపలు దించుండ్రి" అన్నాడు.

ఆ వారం చుక్కమ్మకు అన్నం సయించలేదు. నా కండ్లే నన్ను మోసం చేసినయేమో అని భయపడింది. భయపడుతూనే రోజూ పొద్దున్నే చేలోకి పోయింది. మూట లేని పురుగులను ఒక్కొక్కటీ ఏరింది. మూట కట్టినవాటిని ముట్టలేదు.

మూడో వారం ఊరు వచ్చి చూసింది.

పెద్దకాపు చేలో ఆకులకు ఈనెలు మాత్రం మిగిలాయి. వీరయ్య చేలో సగం పురుగు తినేసింది, సగం మిగిలింది. చుక్కమ్మ చేలో పాత ఆకు చిల్లులతో ఉంది గాని, పైన అరచేతులంత కొత్త ఆకులు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఎవరూ "మూట కట్టినవా" అని అడగలేదు.

చుక్కమ్మ మూట కట్టిన పురుగున్న చిప్ప తెచ్చి పెద్దకాపు చేతికిచ్చింది. "ఇప్పుడన్న సూడు పటేలా."

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. ఎండ నెత్తికెక్కినా లేవలేదు. చివరికి గూడు మూత కదిలింది. నల్ల ఈగ బయటికి వచ్చి, ఆయన బొటనవేలు ఎక్కి, రెక్కలు తుడుచుకుని ఎగిరిపోయింది.

"అయ్యో! మూడేండ్ల సంది మనకు కూలి అడగని కూలోళ్లను కాల్చినం గదనే చుక్కమ్మా" అన్నాడు.

"అందరికంటె ఎక్కువ నేనే కాల్చిన పటేలా. సూడక ముందు కాల్చిన."

ఆ రోజే బుచ్చిరెడ్డి తన చేత్తో పార పట్టి గుంటను పూడ్చాడు. ఆ ఏడు పంట మూడో వంతే వచ్చింది. అయినా గానుగ తిరిగింది. వీరయ్య మొదటి గిన్నెడు ఆముదం తెచ్చి చుక్కమ్మ గుడిసెలో దీపం పెట్టాడు. పురుగు పూర్తిగా పోయిందా అంటే పోలేదు. పురుగు ఎక్కడికి పోతుంది? ఏటా వస్తూనే ఉంది. ఈగ కూడా వస్తూనే ఉంది. మనుషులు మూట లేనివి ఏరారు, ఈగలు తమ పని తాము చేసుకున్నాయి. ఊరి దీపాలు మళ్లీ ఆరలేదు.

చుక్కమ్మ చాలా ఏళ్లు బతికింది. గోమార్లు ఏరుతూనే బతికింది. గుమ్మం పక్కన మూట మాత్రం విప్పలేదు. "ఇంకెందుకవ్వా అది?" అంటే "ఉండనీ బిడ్డా" అనేది.

ఒక వానాకాలం ఆమె పోయింది. ఆ రోజు ఊళ్లో ఎవరూ పశువులను మేతకు తోలలేదు. ఆడవాళ్లు మూట విప్పారు. లోపల ఊరి ఎర్రమట్టి పిడికెడు, ఆముదం గింజలు పిడికెడు, మడత విప్పని ఆ పలుచని చీర. ఊరు విడిచిపోవడానికి కట్టుకున్న మూటలో ముసలమ్మ ఊరినే కట్టుకుంది. బుచ్చిరెడ్డి కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

"నేను పెట్టిన చీర ఎందుకు కట్టలే?" అన్నాడు.

"కాల్చినందుకు పెట్టినవ్ గద పటేలా" అన్నాడు వీరయ్య.

బుచ్చిరెడ్డి ఆ చీరను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని ముక్కలు ముక్కలుగా చింపి, ఇంటికో ముక్క పంచాడు. ఏరిన పురుగులను కుండలో వేసి, మూతికి ఆ గుడ్డ కట్టి, చేను గట్టున పెట్టమన్నాడు. ఏ పురుగును ఈగ కుట్టిందో పైకి తెలియదు కదా! పలుచని నేతలోంచి నల్ల ఈగ దూరిపోతుంది. దాసరి పురుగు లోపలే ఉండిపోతుంది. పెద్దకాపు పిసినారితనం అట్లా ఒక్కసారి ఊరికి పనికొచ్చింది.

చేను గట్టునే చుక్కమ్మను పూడ్చి, ఆమె గింజలు అక్కడే నాటారు.

ఇప్పటికీ ఆ వైపు ఆముదం చేలల్లో గట్టు పక్కన మొదటి సాలు చుక్కమ్మది. ఆ సాలులో మూట కట్టిన పురుగును ఎవరూ ముట్టరు. "చుక్కమ్మ మూట, విప్పొద్దు" అంటారు. ఎవరైనా తొందరపడి కర్ర ఎత్తినా, నోరు జారినా, పక్కవాళ్లు చెయ్యి పట్టుకుని "ముందుగాల సూడు" అంటారు. గుమ్మం దాకా వచ్చిన కష్టం గుమ్మం దగ్గరే ఆగిపోతే "చుక్కమ్మ మూట లెక్క ఆడనే ఉండనీ" అని దండం పెడతారు.

అన్ని కథలూ కంచికి పోతాయంటారు. ఈ కథకు అంత దూరం నడిచే ఓపిక లేదు. ఆముదం చేను గట్టు మీదే కూర్చుంది. మీరు అటు పోతే ఒక ఆకు తిప్పండి. చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు చూడండి.